నిమ్మతోట కుంటకు నాటు మొక్కల అంచు: పొదలకూరు దగ్గర ఒక కేస్ స్టడీ

పొదలకూరు మండలంలో గరప నేల మీద ఆరెకరాల నిమ్మతోట అది. పల్లపు మూలలో వాన నీటి కోసం తవ్వించిన పంట కుంట ఉంది. ఇరవై మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు. నాలుగు పక్కలా గోడ కోసినట్టు నిటారు గట్లు. కార్తీకం వానలకు నిండుతుంది, ఫాల్గుణం దాటితే అడుగు మట్టి కనిపిస్తుంది.

యజమాని రిటైరైన హైస్కూలు మాస్టారు. ఆయన అడిగింది ఇంతే: కుంట చుట్టూ మన ప్రాంతపు మొక్కలు పెరగాలి, వాటి కోసం పిట్టలు, తూనీగలు, సీతాకోకచిలుకలు రావాలి, నిమ్మకు మాత్రం నష్టం రాకూడదు. "మనవళ్లు సెలవులకొస్తే ఫోను పక్కన పెట్టి చూసేదానికి ఏదన్నా ఉండాలబ్బా" అన్నారు. తోటల్లో, కాలవ గట్ల మీద, కుంటల దగ్గర మొక్కలు నిలబెట్టడం నా పని కాబట్టి ఒప్పుకున్నాను.

నేను వెళ్లేసరికే ఆయన ఒక విడత డబ్బు పోగొట్టుకుని ఉన్నారు. ఒక నర్సరీ వాళ్లు నీటి మొక్కలని చెప్పి ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన గొడుగు తుంగ, అమెరికా నుంచి వచ్చిన మెట్టతామర కుండీల్లో ఇచ్చారు. నీళ్లు శుభ్రం చేస్తుందని గుర్రపుడెక్క కూడా అంటగట్టారు. డిసెంబరులో, కుంట నిండుగా ఉన్నప్పుడు, నీటి అంచునే గట్టులో గూళ్లు తవ్వి ఆ కుండీలు పెట్టించారు. ఏప్రిల్ వచ్చేసరికి కుండీలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, నీళ్లు మాత్రం ఆరడుగులు కిందికి పోయాయి. గొడుగు తుంగ గడ్డివాము రంగుకొచ్చింది. అడుగున మిగిలిన కాసిని నీళ్లనీ గుర్రపుడెక్క కప్పేసింది.

మొక్కలు తేడావి అని మాస్టారు అనుకున్నారు. అది సగమే నిజం. ఇవే గూళ్లలో అచ్చంగా మన చెరువు మొక్కలు పెట్టినా ఏప్రిల్‌కి వాటికీ అదే గతి పట్టేది.

మన దగ్గర నీటి అంచు ఒకచోట ఉండదు

ఇంటర్నెట్‌లో దొరికే కుంట ప్లాన్లలో చాలావరకు ఇంగ్లండు లాంటి చలి దేశాలవి. ఒడ్డు పక్కనే పది, పదిహేను సెంటీమీటర్ల లోతులో ఒక మెట్టు కట్టి అందులో అంచు మొక్కలు పెట్టమంటాయి. ఏడాది పొడుగునా అప్పుడింత అప్పుడింత వాన పడే చోట నీటిమట్టం పెద్దగా కదలదు కాబట్టి ఆ మెట్టు పనికొస్తుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అదీ వాయుగుండం పట్టినప్పుడు రెండు మూడు రోజుల్లో కుమ్మేస్తుంది. ఆ తర్వాత మిగిలిన ఏడాదంతా దిగుడే. మే నెల ఎండకు తెరిచి ఉన్న నీళ్లు రోజుకు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఆవిరైపోతాయి. నేలలోకి ఇంకేది, తోటకు తోడుకునేది దీనికి అదనం.

ఒక చిన్న లెక్క వేయండి. నెలలో నీటిమట్టం పావు మీటరు దిగిందనుకుందాం. నిటారు గట్టులో అంచు కిందికి జారుతుందే తప్ప పక్కకు కదలదు. మొక్కకు దక్కేది ఎండిన గోడ. అదే గట్టు మీటరు లోతుకు ఆరు మీటర్ల వాలుగా ఉంటే, నీళ్లు దిగిన ఆ నెలలో మీటరున్నర వెడల్పున తడి బురద బయటపడుతుంది. చిత్తడి మొక్కలకు, కప్పలకు, బురదలో పురుగులు ఏరుకునే పిట్టలకు కావలసింది ఆ బురద పట్టీయే. ఈ పనిలో నేను అమ్మేది ఏదైనా ఉందంటే అది మొక్కలు కాదు, వాలు.

అందుకే మొదటి చలికాలంలో ఒక్క మొక్క కూడా నాటలేదు. గుర్రపుడెక్క మొత్తం పీకించి, గట్టుకు దూరంగా ఎండబెట్టి, ఎరువు గుంతలో వేయించాను. కుంట మధ్యలో అడుగుకో రంగు వేసిన వెదురు బొంగు పాతి, నెలాఖరుకల్లా నీళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టమన్నాను. మాస్టారు ఎంతైనా లెక్కల మాస్టారు. హాజరు పట్టీ గీసి మరీ రాశారు. ఏ ఎత్తులో నేల ఏడాదికి ఎన్ని నెలలు నీళ్లలో ఉంటుందో ఆ పట్టీ చూస్తే తెలిసిపోయింది. మొక్కల ఎంపికకు నాకు కావలసింది లోతు కాదు, ఈ నెలల సంఖ్యే.

జేసీబీ, పూడిక మట్టి

జూన్‌లో కుంట ఎండిపోయి ఉండగా జేసీబీ పెట్టించాం. వాన నీళ్లు లోపలికొచ్చే ఉత్తరం వైపు గట్టును మాత్రమే వాలుగా తీశాం. దానికి ఒక నిమ్మ వరస మేర స్థలం పోయింది. ఆ వరస ఎటూ బాగాలేదు. నిమ్మకు వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే పడదు. కుంట పక్కనున్న చెట్లకు బంక తెగులు పట్టి కొన్ని అప్పటికే ఎండిపోయాయి. అయినా మాస్టారి భార్య మాత్రం "కాసే చెట్టును కొట్టి కప్పలకు చోటిస్తారా?" అని గట్టిగానే అడిగారు. ఆమె మాటలో న్యాయముంది. కాపు బాగున్న వరస అయితే నేనూ వేరే వైపు చూసేవాణ్ని.

మిగతా మూడు వైపులూ నిటారుగానే వదిలేశాం. ఖర్చు ఒక కారణం. పడమటి వైపు నిటారు మట్టి గోడను లకుముకి పిట్ట కోసం కావాలనే ముట్టుకోలేదు. అది అలాంటి మట్టి గోడలకే బొరియ చేసి గుడ్లు పెడుతుంది. ఆ మూడు వైపులా కంచె వేయించాను. పంట కుంటల్లో జారిపడి పైకి రాలేక పిల్లలు చనిపోవడం ఏటా పేపర్లలో చూస్తున్నదే. వాలు ఒడ్డు మొక్కలకే కాదు, పడినవాళ్లు పాక్కుంటూ బయటికి రావడానికి కూడా.

గరప నేల తడిని పట్టి ఉంచదు. వాలు మీద జానెడు మందాన చెరువు పూడిక మట్టి పరిపించాం. ఎండాకాలంలో చెరువు మట్టి పొలాలకు తోలుకోవడం మన రైతులకు కొత్త కాదు. కానీ ఈ పనికి ఏ చెరువు మట్టి అన్నది చాలా ముఖ్యం. పూడిక మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయే విత్తనాలుంటాయి. మంచి చెరువైతే అది ఉచిత నర్సరీ. గుర్రపుడెక్క ఉన్న చెరువైతే దాని విత్తనాలు కూడా పదేళ్లకు పైగా బురదలో బతికి ఉండి మనతో పాటు ఇంటికొస్తాయి. దగ్గర్లో ఉన్న పెద్ద చెరువు వదిలేసి, కాస్త దూరమైనా గుర్రపుడెక్క లేని చిన్న చెరువు నుంచి ట్రాక్టర్లు తోలించాం. ఖర్చులో పెద్ద వాటా జేసీబీకి, ఈ మట్టికే పోయింది. మొక్కలకు అయింది దాదాపు సున్నా.

ఆ నవంబరులో కుంట నిండింది. మేం ఏమీ నాటకుండానే, డిసెంబరు చివర్లో నీళ్లు కాస్త వెనక్కి తగ్గగానే, వాలు మీద మొలకలు కనిపించాయి. తోటలో పనిచేసే పెద్దామె ఒకరు వంగి చూసి వరసగా పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. "ఇది గుంటగలగర. ఇదేమో నీటిగొబ్బి, ముళ్లుంటాయి, జాగర్త సార్. ఇది ఆరకూర, నాలుగాకులుండాయి చూడండి." ఆరకూర నిజానికి ఒక ఫెర్న్ జాతి. విత్తనాల బదులు అది చేసే గట్టి గింజల్లాంటి కాయలు ఎండలో పడి ఎన్నేళ్లున్నా తడి తగిలితే మళ్లీ లేస్తాయి. ఈ వాతావరణానికి అంతకన్నా తగిన మొక్క ఇంకేముంటుంది?

నీళ్లు దిగే కొద్దీ నాటుకుంటూ పోవడం

వానలు మొదలవ్వగానే మొక్కలు నాటాలన్నది అందరికీ అలవాటైన పద్ధతి. కుంట వాలు మీద ఆ పద్ధతి తిరగబడుతుంది. అక్టోబరులో బెత్తెడు మొక్క పెడితే ఒక్క వాయుగుండానికి దాని మీద నాలుగడుగుల నీళ్లు నిలుస్తాయి. వేరు పట్టని మొక్క తేలిపోతుంది, లేదా ఒండ్రు కింద కుళ్లిపోతుంది. అందుకని జనవరి నుంచి మార్చి దాకా, నీళ్లు ఎంత వెనక్కి పోతే అంత మేర కొత్త బురదలో నాటుకుంటూ దిగాం. పెన్నలో నీళ్లు తగ్గాక ఇసుకలో దోస, పుచ్చ పెట్టే రైతులు చేసేది ఇదే. తడి ఉంటుంది, ఎండ ఉంటుంది, పైన నీళ్ల బరువుండదు. వచ్చే నవంబరుకి మొక్క మునిగినా తట్టుకునే వేరు దానికుంటుంది.

వాలు పై భాగం ఏడాదికి నెలో రెండు నెలలో మాత్రమే మునుగుతుంది. అక్కడ వట్టివేరు పిలకలు ఆకు జానెడుంచి కత్తిరించి, జానెడు ఎడంగా, వాలుకు అడ్డంగా రెండు వరసలు పెట్టాం. తోటలోంచి వచ్చే వాన నీళ్లు ఈ వరసలు దాటే కుంటలోకి రావాలి. మట్టి అక్కడే ఆగుతుంది. నిమ్మకు వేసిన ఎరువులో కొంత వట్టివేరు తాగేస్తుంది. లేకపోతే ఆ ఎరువే నీళ్లలో పాచి అవుతుంది. వట్టివేరు కింద ఖాళీల్లో బొక్కెనాకు ముక్కలు గుచ్చాం. నేలను పట్టుకుని పాకే ఈ మొక్కను ఎవరూ మొక్కగా లెక్కపెట్టరు. దాని గింజంత పూల మీద చిన్న నీలి సీతాకోకచిలుకలు, తేనెటీగలు వాలినంతగా మాస్టారి గులాబీల మీద వాలడం నేను చూడలేదు. ఈ పై భాగానికి మొదటి ఎండాకాలం నీళ్లు అందించక తప్పదు. తోటలో డ్రిప్ ఉంది కాబట్టి దాని సన్న గొట్టం (లేటరల్) ఒకటి ఇటు లాగించాం. రెండో ఏడు దాన్ని తీసేశాం.

మధ్య భాగం మూడు నాలుగు నెలలు నీళ్లలో ఉంటుంది. అసలు సందడి అక్కడే. పొన్నగంటి, నీటి బ్రాహ్మి, చాపలకు వాడే పొడుగు తుంగ. పొన్నగంటి, బ్రాహ్మి రెండింటికీ కాడ ముక్కలు చాలు. రెండు కణుపులు బురదలోకి, రెండు పైకి. పొన్నగంటి విషయంలో మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చూడాలి. దాని దక్షిణ అమెరికా చుట్టం ఒకటి మన కాలవల్లో కూడా కనిపిస్తుంది, ఒకసారి దిగితే కుంటనంతా చాపలా కప్పేస్తుంది. తేడా పూవు దగ్గర తెలుస్తుంది. మన పొన్నగంటికి తెల్లటి పూగుత్తి ఆకు మొదట్లో కాడను అంటుకుని ఉంటుంది. పరాయిదానికి పూగుత్తి రెండు మూడు వేళ్ల పొడుగు తొడిమ చివర నిలబడి ఉంటుంది. కాడ లావుగా, లోపల బోలుగా ఉంటుంది. పూత రాని మొక్కను ఎవరిచ్చినా తీసుకోను. అలాగే తుంగ అన్నారు కదా అని తోటలో కలుపుగా వచ్చే తుంగముస్త దుంపల్ని తేవద్దు. నిమ్మపాదుల్లోకి పాకిందంటే మాస్టారు నన్ను మళ్లీ గేటు లోపలికి రానివ్వరు.

కింది భాగంలో కలువ దుంపలు పెట్టాం. నీళ్లు పూర్తిగా ఎండినా దుంప బురదలో నిద్రపోయి మళ్లీ వానకు ఆకు తొడుగుతుంది. తామర కావాలని మాస్టారు చాలా అడిగారు. ఇంత చిన్న కుంటలో తామర పెడితే కొన్నేళ్లకు నీళ్లే కనిపించవని చెప్పి ఒప్పించాను. తూటికూర కొంచెం వేశాం, పనివాళ్లు కూరకు కోసుకుంటూనే ఉంటారు కాబట్టి అది అదుపులో ఉంది. దాన్ని చూసి గట్ల మీద బలిసే లొట్టపీసు చెట్టు అనుకోవద్దు. ఆ చెట్టు దక్షిణ అమెరికాది, పశువులు కూడా ముట్టవు.

జమ్ము గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తూనీగలకు, చిన్న పిట్టలకు అదంటే ప్రాణం. కానీ దాని దుంపవేరు ఏడాదిలో కుంట సగాన్ని ఆక్రమించగలదు. మేం బావులకు వాడే సిమెంటు ఒర ఒకటి తెచ్చి, అంచు మాత్రం బయటికి కనిపించేలా కింది భాగంలో పాతి, దాని లోపలే జమ్ము పెట్టాం. ఒర దాటి పిలక వస్తే పీకడం తేలిక. ఇప్పటికే జమ్ము కమ్మేసిన కుంట ఎవరికైనా ఉంటే ఒక ఉపాయం. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కాడల్ని నీటిమట్టానికి కిందికి, బెత్తెడు లోపల కోయాలి. దుంపకు గాలి అందేది ఆ కాడల గొట్టాల ద్వారానే. కోసిన చివర నీళ్లలో మునిగి ఉంటే దుంప ఊపిరాడక కుళ్లిపోతుంది. నీళ్ల పైన కోస్తే మాత్రం వచ్చే నెలకు మళ్లీ అంతే పొడుగు లేస్తుంది.

నీడకు, గూళ్లకు కడప చెట్టు మొక్కలు నాలుగు పెట్టాం. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు గూళ్లు కట్టేది నీళ్లలో నిలబడే ఈ చెట్ల మీదే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ, కుంట అనగానే మన నెల్లూరోళ్లకు గుర్తొచ్చేది ఇంకా అదే. అభయారణ్యం లోపలి నుంచి గింజ కూడా తేకూడదు, అది నేరం. మాకు మరో చెరువు గట్టు మీది చెట్టు కింద రాలిన కాయలు దొరికాయి. తాజా కాయను వెంటనే కవర్లో పెడితే మొలకెత్తుతుంది, ఎండబెట్టి దాచిపెడితే కష్టం. మొక్క పెరగడం నెమ్మది. వేలాడే ఎర్ర పూల దండలు చూడాలంటే మాస్టారు ఇంకా ఆగాలి.

ఏమేం వచ్చాయి

మొక్కలు లేకముందు కూడా ఈ కుంట మీద తూనీగలు ఎగిరేవి. వానాకాలం చివర గుంపులుగా, వాలకుండా తిరిగే గోధుమరంగు పెద్ద తూనీగలవి. తెరిచి ఉన్న నీళ్ల మీద గుడ్లు జార్చిపోతాయి. వాటి పిల్లలు రెండు నెలల్లోపే ఎదిగి రెక్కలు తొడుగుతాయి. కాబట్టి వాటికి మొక్కలు అక్కర్లేదు, రోడ్డు పక్క గుంట అయినా చాలు. ఇవే తూనీగలు ఈశాన్య గాలుల మీద మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికా దాకా వెళ్తాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త ప్రచురించారు. కాబట్టి తూనీగలు చాలా ఉన్నాయి అన్నది మన పనికి కొలత కాదు. ఏ తూనీగలు అన్నదే కొలత.

మొక్కలు తెచ్చినవి వేరు. రెక్కలు మూసుకుని వాలే సన్నటి తూనీగలు. వాటి ఆడవి గుడ్లను నీళ్లలో వదలవు, మొక్క కాడకు గాటు పెట్టి లోపల దాస్తాయి. రెండో ఏడు ఫిబ్రవరిలో పొన్నగంటి తీగల మీద పసుపురంగు సన్న తూనీగల జంటలు కనిపించాయి. మగది ఆడదాని మెడ పట్టుకుని నిలువుగా నిలబడి ఉంటుంది, ఆడది తోక వంచి కాడలోకి గుచ్చుతూ మెల్లగా వెనక్కి నడుస్తుంది. గుచ్చిన చోట సూదిమొనంత గోధుమరంగు చుక్కలు వరసగా మిగులుతాయి. కాడ తుంచి వెలుతురుకు పెట్టి చూస్తే తెలుస్తుంది.

తుంగ కాడలు ఇంకో పనికి. తెల్లవారుజామున నీళ్లలోంచి తూనీగ పిల్ల కాడ పట్టుకుని పైకి ఎక్కి, వీపు చీల్చుకుని, రెక్కల తూనీగగా బయటికొస్తుంది. ఖాళీ పెంకు కాడకే అంటుకుని ఉండిపోతుంది. చీలిక దగ్గర తెల్లటి దారపు పోగులు వేలాడుతుంటాయి. అవి దాని పాత గాలిగొట్టాల లోపలి పొరలు. ఒక కుంటలో తూనీగలు నిజంగా పుడుతున్నాయా, ఊరికే వచ్చిపోతున్నాయా అన్న అనుమానం వస్తే ఎగిరేవాటిని లెక్కపెట్టొద్దు, ఈ పెంకుల్ని ఏరండి. మాస్టారి మనవళ్లు అగ్గిపెట్టె నిండా పోగు చేశారు.

నీటిగొబ్బి మీద ముళ్ల వెంట్రుకలున్న నల్లటి గొంగళిపురుగులు చూసి పనివాళ్లు మందు కొడదామన్నారు. అవి నారింజరంగు రెక్కల మీద నెమలికన్ను మచ్చలుండే సీతాకోకచిలుక పిల్లలు. నీటిగొబ్బి, బొక్కెనాకు వాటి మేత. నిమ్మాకు ముట్టవు. వానాకాలంలో పుట్టినవాటికి రెక్కల అడుగున కూడా కన్ను మచ్చలుంటాయి. ఎండాకాలం తరానికి అవి మాసిపోయి, రెక్క మూస్తే ఎండుటాకు అంచులతో కనిపిస్తాయి.

తెల్లరొమ్ము నీటికోడి జంట ఒకటి తుంగలో కాపురం పెట్టింది. గిజిగాళ్లు గట్టు మీది ఈతచెట్టుకు గూళ్లు అల్లాయి, ఈతాకు ఈనెలు, రెల్లు పీచు అక్కడే దొరుకుతాయి. లకుముకి పిట్ట పడమటి గోడకు బొరియ తవ్వింది. గూడబాతులు రాలేదు. ఇంత చిన్న కుంటకు అవి రావని ముందే చెప్పాను, అయినా మాస్టారికి ఆ మూల ఆశ పోలేదు.

చేపల దగ్గర కొంత వాదన జరిగింది. బొచ్చె, రోహు వేస్తే నాలుగు రూపాయలొస్తాయని ఒకరు, కలుపు తింటుందని గడ్డిచేప వేయమని ఇంకొకరు. గడ్డిచేపకు కలుపు, మనం నాటిన మొక్క అనే తేడా ఉండదు. దోమల కోసమని గంబూసియా తెచ్చిస్తామని కూడా అన్నారు. 1928లో మన దేశానికి తెచ్చిన ఆ విదేశీ చేప దోమ పిల్లలతో పాటు తోకకప్పల్ని, తూనీగ పిల్లల్ని కూడా తింటుంది. ఏదీ వేయలేదు. వరికాలవ పొంగినప్పుడు తల మీద వెండి చుక్క మెరిసే వేలెడు చేపలు వాటంతటవే వచ్చాయి. దోమ పిల్లలకు అవి చాలు. ఎండాకాలం అడుగు ఎండితే చేపలు పోతాయి, అది కప్పలకు మంచిదే. తొలివానకు బోదురు కప్పలు గుడ్లు పెట్టేటప్పుడు తినేవాళ్లు తక్కువ.

తగువులు

మొదటిది దోమలు. కుంట వల్లే దోమలు పెరిగాయని పనివాళ్లు గట్టిగా నమ్మారు. వాదించకుండా ఒక తెల్లటి గిన్నె తెప్పించి, కుంట అంచున పదిచోట్ల ముంచి చూపించాను. తర్వాత మోటారు షెడ్డు దగ్గర మందు కలిపే డ్రమ్ములో, పాత టైరులో, కొబ్బరి చిప్పల్లో ముంచాను. దోమ పిల్లలు గిలగిలా కొట్టుకుంటున్నది అక్కడ. డ్రమ్ములకు మూతలు పెట్టించాక ఆ మాట రాలేదు.

రెండోది పాములు. "కప్పలుంటే పాములు రాకుండా ఎట్టా ఉంటాయి సార్?" అని పెద్దామె అడిగితే రావని అబద్ధం చెప్పలేదు. నీళ్లలో ఎక్కువగా కనిపించేది నీరుకట్టె. కోపంగా కరుస్తుంది గానీ విషం లేదు. భయపడాల్సిన రక్తపింజరి పొడి గడ్డిలో, రాలిన ఆకుల్లో పడుకుంటుంది. కుంట లేకపోయినా నిమ్మపాదుల కింద అది ఉండేదే. అందుకని కుంట చుట్టూ నాలుగడుగుల దారిని ఎప్పుడూ గడ్డి కోసి శుభ్రంగా ఉంచుతాం, పొద్దుపోయాక టార్చి, బూట్లు లేకుండా ఎవరూ వెళ్లరు. కాపలా గది కుంటకు ఆనుకుని ఉంటే నేను ఈ పని ఒప్పుకునేవాణ్ని కాదు.

మూడోది నిమ్మ సీతాకోకచిలుక. నలుపు పసుపు గళ్లది. దాని పిల్లలు లేత నిమ్మ చిగుళ్లు తినేస్తాయి. కుంట పూలకు అది కూడా వస్తుంది, దాచేదేముంది? కానీ గుడ్లు పెట్టేది నిమ్మ మీదే, కుంట మొక్కల మీద కాదు. కుంట ఉన్నా లేకున్నా నిమ్మతోటకు అది వస్తుంది. మాస్టారు ఒక పద్ధతికి ఒప్పుకున్నారు. కుంటను ఆనుకున్న మూడు వరసలకు మందు కొట్టరు, లేత చెట్ల మీది పురుగుల్ని చేత్తో ఏరిస్తారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు కొట్టిన తోటలోంచి వాన నీళ్లు కుంటలోకి వస్తే ముందు పోయేది తూనీగ పిల్లలే. మిగతా వరసల్లో మందు కొట్టాల్సి వస్తే వాన సూచన లేని రోజు చూసుకుంటారు.

నాలుగోది గొడ్లు. వాలు వైపు కూడా కంచె వేసి బర్రెల్ని పూర్తిగా ఆపుదామని మాస్టారు అన్నారు. నేనే వద్దన్నాను. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో 1982లో గేదెల మేత ఆపేశాక, నీటి గడ్డి ఒకటి విపరీతంగా పెరిగి నీళ్లను కమ్మేసింది. పక్షులకు మేలు జరుగుతుందనుకుంటే బాతులకే చోటు లేకుండా పోయింది. బర్రెలు తొక్కిన గుంటల్లో నీళ్లు నిలిస్తే కప్పలకు అదీ ఒక చోటే. అందుకని మొదటి ఏడాది మాత్రం ఆపి, తర్వాత మార్చి నుంచి వాలు ఒక చివర మాత్రం రెండు బర్రెల్ని దిగనిస్తున్నాం. పందుల సంగతి వేరు. వెలికొండల వైపు నుంచి వచ్చే అడవి పందులు తుంగ దుంపల కోసం ఒక్క రాత్రిలో మధ్య భాగాన్ని దున్నేశాయి. తుంగ మళ్లీ లేచింది, బ్రాహ్మి మాత్రం కొత్తగా నాటాల్సి వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద తగువు నీళ్ల దగ్గరే. నిమ్మకు ధర పలికేది ఎండాకాలంలో. చెట్టుకు తడి కావలసిందీ అప్పుడే. కుంటలో ఆఖరి నీళ్లు అటు తోటకూ కావాలి, ఇటు తోకకప్పలకూ కావాలి. మాటల మీద ఒప్పందాలు ఏప్రిల్‌లో నిలబడవని నా అనుభవం. అందుకే మోటారు నీళ్లు పీల్చే గొట్టం చివరుండే ఫుట్‌వాల్వ్‌ను కుంట అడుగు నుంచి ముప్పావు మీటరు ఎత్తున ఇనప చట్రానికి బిగించేశాం. ఆ మట్టానికి రాగానే మోటారు గాలి పీలుస్తుంది, ఆగాల్సిందే. మిగిలిన నీళ్లు ఎండకు పోయేదాకా కుంటవి. గత ఏప్రిల్‌లో ఎవరో చట్రం విప్పి వాల్వ్‌ను కిందికి దించారు. మాస్టారు కనుక్కుని మళ్లీ బిగించి, ఈసారి వెల్డింగ్ పెట్టించారు.

పక్క తోట రైతు ఇప్పుడు తన కుంటకూ ఇలాగే చేయమంటున్నాడు. ఆయనది కింద ప్లాస్టిక్ షీటు పరిచిన కుంట. దాని మీద వాలు తీస్తే షీటు చిరుగుతుంది, మట్టి వేస్తే జారుతుంది. అందుకని షీటు కుంట జోలికి పోకుండా, అది నిండి పొర్లే చోట దిగువన మోకాలి లోతు పళ్లెం గుంట ఒకటి తవ్వి, అందులో పూడిక మట్టి వేయమన్నాను. పొన్నగంటి, బ్రాహ్మి ముక్కలు మాస్టారి కుంట నుంచి సంచి నిండా కోసిచ్చాం. జనవరిలో నీళ్లు తగ్గడం మొదలవ్వగానే నాటాలి.